జుట్టు లేని ఫొటో

2021 డిసెంబరులో నటి హంసానందిని అభిమానులతో పంచుకున్న ఫొటోలో ఆమె తల మీద జుట్టు లేదు. ‘మిర్చి’, ‘అత్తారింటికి దారేది’లో ఆమెను చూసినవాళ్లు ఒక్క క్షణం పోల్చుకోలేకపోయి ఉంటారు. రొమ్ము క్యాన్సర్. 9 కీమోలు అయ్యాయి, ఇంకా 7 ఉన్నాయని ఆమే రాశారు.

అంతకు 18 ఏళ్ల ముందు ఇదే జబ్బు వాళ్లమ్మను తీసుకుపోయింది. అందుకే కాబోలు, గడ్డ చేతికి తగిలిన కొన్ని గంటల్లోనే ఆమె పరీక్షకు వెళ్లారు. తర్వాత బీఆర్‌సీఏ1 జన్యులోపం కూడా బయటపడింది. వంశంలో వచ్చే ఈ లోపం రొమ్ముతో పాటు అండాశయ క్యాన్సర్ ముప్పునూ పెంచుతుంది. ఇంత తెలిసీ, మిగిలిన కీమోల లెక్క పైకి చెప్పగలిగారే, అదీ గుండె నిబ్బరం!

జుట్టుదేముంది, మళ్లీ వస్తుందని చుట్టాలు ఓదారుస్తారు. అద్దం ముందు నిలబడే మనిషికి అది చిన్న విషయం కాదు. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. వెంట్రుకల కుదుళ్లూ అందులో పడతాయి. చికిత్స ముగిశాక చాలామందికి తిరిగి మొలుస్తాయి. ఈ సంగతి డాక్టర్లు మొదటిరోజే విడమరిచి చెప్పాలి.

రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న మరో నటి గౌతమి, తనలాంటివాళ్ల కోసం లైఫ్ ఎగైన్ ఫౌండేషన్ పెట్టారు. హంసానందిని 2022 డిసెంబరులో మళ్లీ షూటింగ్‌కు వెళ్లారు.