చిక్కుకున్నది చిక్కింది

మా ఇంట్లో పోయిన వస్తువు కనబడితే ఎవరూ 'దొరికింది' అనరు. నాయన 'చిక్కింది' అంటాడు, అమ్మ 'సిక్తు' అంటుంది. నాయనది తెలుగు, అమ్మది కన్నడం. చిన్నప్పుడు ఒకే మాటను ఇద్దరూ చెరో తీరుగా పలుకుతారని అనుకునేదాన్ని. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక తెలిసింది, ఉన్న సంగతి కూడా దాదాపు అదేనని. మన 'చేరు' కన్నడంలో 'సేరు', మన 'చావు' వాళ్లకు 'సావు'. అట్లాగే 'చిక్కు' అక్కడ 'సిక్కు'. మా అవ్వది రాయదుర్గం. 1953 దాకా రాయదుర్గం కూడా బళ్లారి జిల్లాలోదే. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ తాలూకా అటు పోయింది, బళ్లారి ఇటు మైసూరులో చేరింది. మధ్యలో గీత పడింది గానీ మాటలు మాత్రం అటూ ఇటూ తిరుగుతానే ఉన్నాయి.

ఈ 'చిక్కు' అనే మాట విచిత్రమైంది. జుట్టులో పడితే చిక్కు. ఏదైనా సందులో ఇరుక్కుంటే చిక్కుకుంది. అదే చేతికొస్తే చిక్కింది. మనిషి సన్నబడితే చిక్కిపోయింది. హాస్టలు నుంచి పండక్కి ఇంటికిపోతే మీ అమ్మ అనేది ఆ చివరి మాటే కదా! ఇరుక్కోవడానికీ దొరకడానికీ ఒకటే మాట ఎట్లా సరిపోతుందో నాకు పుస్తకాల్లో కంటే మా నాయన షెడ్డులో బాగా తెలిసింది.

మా నాయన కార్లు బాగుచేస్తాడు. రేకుల షెడ్డు, ముందర వేపచెట్టు, ఎర్రదుమ్ము. గనుల లారీలు తిరిగే ఊరు కాబట్టి దుమ్ము గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆదివారాలు నేను క్యారియర్ తీసుకుపోయి, బిల్లుల పుస్తకం రాసి వస్తాను. ఆడపిల్ల షెడ్డులో కూర్చోవడం అమ్మకు ఇష్టముండదు. నాయన మాత్రం "లెక్క రాసేకి ఎవురైతే ఏమి" అంటాడు.

రిపేరు చేసేటప్పుడు చేతిలోంచి పానా జారడం, నట్టు జారడం రోజూ ఉండేదే. చాలాసార్లు అది బండి కింద నేలమీద పడుతుంది. అప్పుడు ఎవరూ పట్టించుకోరు. కొన్నిసార్లు కింది రేకు మీదో, ఏదైనా బ్రాకెట్టు సందులోనో ఆగుతుంది. అప్పుడు టార్చి వేసి వెతకాలి. ఇవన్నీ ఇంజను బయట సంగతులు. భయమంతా ఇంజను లోపల పడితేనే. అందులోనూ స్పార్క్ ప్లగ్గు తీసిన రంధ్రంలోకి పోతే అన్నిటికంటే కష్టం. ఆ రంధ్రం కింద ఉండేది పిస్టను. ఇంజను తిరిగేటప్పుడు పిస్టను నిమిషానికి వందలసార్లు, వేగం పెరిగితే వేలసార్లు పైకీ కిందికీ పోతుంది. పైకి వచ్చినప్పుడు దానికీ పైనున్న హెడ్డుకూ మధ్య మిగిలే జాగా చాలా తక్కువ. అక్కడ చిన్న ఇనుపముక్క ఉంటే వాల్వు వంగుతుంది, పిస్టను పగులుతుంది, సిలిండరు గోడకు గీతలు పడతాయి. ఒక్కసారి తాళం తిప్పితే చాలు, అంతా అయిపోతుంది.

మొన్న వేసవిలో ఒక ఆదివారం ఇదే జరిగింది. బండి మారుతీ ఓమ్ని. బడిపిల్లలను తిప్పే వ్యాను. అందులో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, సీటు ఎత్తి పని చేయాలి. డ్రైవరన్న పొద్దున్నే తెచ్చి, సోమవారం ఆరున్నరకు పిల్లల ఇండ్ల ముందర ఉండాలని చెప్పి, అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. పని పెద్దదేం కాదు. ప్లగ్గులు మార్చి, పైన గాలి పైపు క్లిప్పు బిగించాలి. షెడ్డులో పనిచేసే పిల్లోడు, నా వయసే ఉంటుంది, సండూరు పక్క ఊరు, ప్లగ్గులు విప్పి, క్లిప్పు పట్టుకున్నాడు. వాడి చేతిలో స్క్రూడ్రైవరుకు తగిలించే స్టార్ బిట్టు, చిటికెన వేలి కొనంత ఉంటుంది, పిడిలోంచి ఊడింది. టక్‌మని ఒక చప్పుడు. ఆ తర్వాత ఇంకొకటి, లోపలినుంచి.

నేను బిల్లుల పుస్తకం ముందర ఉన్నాను. నాయన వెనక్కి తిరిగి ఇంకో బండి చక్రం విప్పుతున్నాడు. డ్రైవరన్న ఫోను చూసుకుంటున్నాడు. చూసింది నేనొక్కదాన్నే. నేను చూసినట్టు వాడికి తెలియదు. వాడి మొహం చూస్తే నాకు భయమేసింది. ఇంతకుముందు వాడు పనిచేసిన చోట సామాను పోతే జీతంలో పట్టుకునేవాళ్లంట. ప్లగ్గు పెట్టేసి ఊరకుంటే ఎవరికీ తెలియదు. తెలిసేది తాళం తిప్పినాకే. అప్పుడు కూడా పాత ఇంజను, ఏదో లోపల విరిగింది అనుకుంటారు.

వాడు రెండు క్షణాలు నిలబడి, "అణ్ణా, బిట్టు ఒళగె బిత్తు" అన్నాడు.

నాయన లేచి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నా. "తాళం యాడుంది?" అని ఒక్క మాట అడిగి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ వైరు ఊడదీశాడు. మిగిలిన రెండు ప్లగ్గు రంధ్రాల్లో గుడ్డ కుక్కాడు. ఓమ్నిది మూడు సిలిండర్ల ఇంజను. ఒకదాంట్లో పడింది చాలదని ఇంకొకదాంట్లో ఏదీ పడకూడదు కదా. తర్వాత డ్రైవరన్నతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "లోపల బిట్టు పడింది. తీస్తాము. రాకపోతే హెడ్డు విప్పాల, అట్లయితే రెండు రోజులు పడ్తాది. నీకు ఖర్చు రాదు." డబ్బు రాదన్నా ఆయన మొహం తేలిక పడలేదు. రెండు రోజులు బండి లేకపోతే పిల్లల తల్లిదండ్రులు ఇంకో వ్యాను చూసుకుంటారు. అప్పుడే ఎవరికో ఫోను చేసి, రేపొక్కరోజు నా ట్రిప్పు నువ్వు కొట్టగలవా అని అడగడం మొదలుపెట్టాడు.

పక్క షెడ్డులో సన్నటి తీగ చివర కెమెరా ఉంది. ఫోనుకు తగిలిస్తే లోపల ఉన్నది ఫోనులో కనబడుతుంది. దాన్ని అడిగి తెచ్చాం. అప్పుడు నాకు పని పడింది. తీగ పట్టుకునేది పిల్లోడు, పెన్నులాగా పొడుగు సాగే అయస్కాంతం పట్టుకునేది నాయన, ఫోను చూసి దారి చెప్పేది నేను. నాయనకు కన్నడం బాగా వచ్చు, పిల్లోడికి తెలుగు అర్థమవుతుంది. కానీ చేతులు బిగుసుకున్నప్పుడు ఎవరి భాష వాళ్లకే వినబడుతుంది. "కుడికి" అంటే పిల్లోడు ఆలోచించేవాడు. "బలక్కె" అంటే నాయన ఆగేవాడు. పైగా తీగ మెలి తిరిగితే బొమ్మ కూడా తిరుగుతుంది. ఇప్పటి కుడి ఇంకో నిమిషానికి కుడి కాదు. అందుకని కుడి, ఎడమ వదిలేసి "వాల్వు దిక్కు", "గోడ దిక్కు" అని చెప్పడం మొదలుపెట్టాను. దిక్కు రెండు భాషల్లోనూ దిక్కే. గోడ కన్నడంలో గోడె. వాల్వు ఎవరికైనా వాల్వే. ఆ తర్వాత ఇద్దరి చేతులూ ఒకేసారి కదిలాయి.

బిట్టు పిస్టను అంచున, గోడ పక్కన పడుంది. బాగా కింద ఉంది. నాయన గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో ఇంకోసారి చూసి, కింద పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పాడు. పిస్టను బిట్టును మోసుకుంటూ పైకొచ్చింది. "చాలు" అని నేను అరవాలి. మరీ పైకి తెస్తే బిట్టు హెడ్డుకు నొక్కుకుంటుంది. సగానికి కొంచెం పైన ఆపాం.

సిలిండరు గోడ కూడా ఇనుమే. అయస్కాంతం లోపలికి పోగానే బిట్టును వదిలేసి గోడకు అంటుకుంటుంది. నాలుగుసార్లు అట్లే అయింది. అయిదోసారి బిట్టు అంటింది, పైకి వచ్చింది, రంధ్రం మొదట్లో మర అంచుకు తగిలి మళ్లీ లోపల పడింది. డ్రైవరన్న బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడ్డాడు. పిల్లోడి చెయ్యి వణుకుతోంది, ఫోనులో బొమ్మ కూడా వణుకుతోంది. నాయన వాడితో "నీళ్లు తాగిరా పో" అన్నాడు. వాడు వచ్చేలోపల సన్నటి రబ్బరు పైపు ముక్క కోసి అయస్కాంతానికి తొడిగాడు. పక్కలన్నీ మూసుకున్నాయి, కొన మాత్రమే బయట ఉంది. ఇప్పుడు గోడ దాన్ని అంతగా లాగలేదు. మొదటి ప్రయత్నానికే బిట్టు అంటింది. నాయన ఈసారి నేరుగా లాగకుండా, మర దగ్గర ఆపి, బిట్టు నిలువుగా వచ్చేదాకా పుల్లను వేళ్లతో తిప్పి, అప్పుడు తీశాడు.

బయటికి వచ్చినాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాయన బిట్టు కొన వెలుతురులో తిప్పి చూశాడు, ఎక్కడైనా పెచ్చు ఊడిందా అని. ఊడలేదు. అయినా కెమెరా మళ్లీ పంపించి లోపలంతా చూడమన్నాడు. చూశాం. ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పాడు, ఎక్కడా అడ్డుపడలేదు. అప్పుడు జేబులోంచి తాళంచెవి తీశాడు. అమ్మ ఫోను చేసి "సిక్తా?" అని అడిగింది. "చిక్కిందిలే" అన్నాడు నాయన.

సాయంత్రం పిల్లోడు జీతం గురించి అడిగాడు, ఎంత పట్టుకుంటారని. నాయన "దేనికి? చెప్పినందుకా?" అన్నాడు. అంతే. దాని మీద ఇంక మాట్లాడలేదు.

నాకు అప్పటినుంచి ఒకటే ఆలోచన. ఆ రోజు ఇంజనును కాపాడింది అయస్కాంతమా? కాదనుకుంటాను. అది రెండో మెట్టు. పడిందని చెప్పడం మొదటి మెట్టు. చెప్పడానికి వాడికి రెండు క్షణాలు పట్టింది. తిట్లు తినే చోట అయితే ఎన్ని క్షణాలు పట్టేదో, అసలు చెప్పేవాడో లేదో. పెద్దపెద్ద చోట్ల కూడా ఇదే బాధ ఉంది. విమానాలు బాగుచేసే చోట ప్రతి పనిముట్టుకూ బోర్డు మీద దాని ఆకారం గీసిపెడతారు. పని ముగిశాక ఏ ఆకారం ఖాళీగా ఉంటే ఆ పనిముట్టు దొరికేదాకా విమానం కదలదు. ఆపరేషను ముగిశాక కత్తెరలూ సూదులూ దూదిగుడ్డలూ లెక్క సరిపోయాయా అని గట్టిగా అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన జాబితాలో ఉంది. మనుషులు జారవిడుస్తారు, అందులో వింతేం లేదు. లెక్క అడిగేవాళ్లు, అడిగితే భయపడకుండా చెప్పేవాళ్లు ఉంటే చాలు.

మా షెడ్డులోనూ ఇప్పుడొక చెక్కబోర్డు వచ్చింది. ఆకారాలు నేనే గీశాను. పనిముట్ల పేర్లు రాద్దామంటే ఏ లిపిలో రాయాలని గొడవొచ్చి, అంకెలు వేశాం. సాయంత్రం షెడ్డు మూసే ముందు పిల్లోడు లెక్కపెడతాడు: ఒందు, ఎరడు, మూరు. నాయన వెనకనుంచి తెలుగులో లెక్కపెడతాడు. రెండు లెక్కలూ ఒకటయితేనే తాళం.

ఆ మధ్యాహ్నం నాయన "ఆ సూదంటురాయి అందుకో పాపా" అన్నాడు. అయస్కాంతానికి మా అవ్వ మాట అది. సూది అంటుకునే రాయి. అమ్మ వాళ్లింట్లో 'సూజిగల్లు' అంటారు. అది కూడా సూదిరాయే. మన తరగతిలో సిరుగుప్ప వాళ్లున్నారు, ఆలూరు, ఆదోని పక్కవాళ్లున్నారు, ఇంట్లో ఉర్దూ, మరాఠీ మాట్లాడేవాళ్లున్నారు. మీ ఇండ్లలో పోయింది కనబడితే ఏమంటారు? అయస్కాంతాన్ని ఏమంటారు? ఈ కాగితం కింద జాగా వదిలాను. పెన్ను దారానికి కట్టుంది, రాసినాక అక్కడే వదలండి.