బండి తాగే కరెంటు

గోల్ఫ్ ఆటను కన్నులారా చూచినవారు మా మిత్రబృందంలో ఒక్కరూ లేరు. అయినా ఆ ఆట మైదానాల్లో తిరిగే చిన్న విద్యుత్ బండి మాకు కొత్తది కాదు. రైల్వే ప్లాట్‌ఫారాల మీద వృద్ధులను, ఆసుపత్రి ఆవరణల్లో రోగులను చప్పుడు చేయకుండా మోసుకుపోయే బండి అదే. మా నెల్లూరు వీధుల్లో తిరిగే బ్యాటరీ ఆటో దానికి వరుసకు తమ్ముడు. రెండింటికీ గుండె ఒక్కటే: సీసపు పలకలు, గంధకామ్లం నిండిన బ్యాటరీలు, వాటి నుండి కరెంటు తాగి తిరిగే మోటారు. ఈ బండిని చూచిన ప్రతివారూ అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "ఒక్క చార్జికి ఎన్ని కిలోమీటర్లు పోతుంది?" ఆ ప్రశ్నకు జవాబు బ్యాటరీలో మాత్రమే లేదని, బండి తోలేవాని బ్రతుకులో కూడా ఉన్నదని మాకు తెలియజెప్పిన ఒక అనుభవాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాము.

మా వీధిలో అందరూ చాచా అని పిలిచే పెద్దమనిషి ఒకరున్నారు. ముప్పై ఏళ్లు సైకిల్ రిక్షా త్రొక్కి, మోకాళ్లు సహకరించక, అప్పు చేసి బ్యాటరీ ఆటో కొన్నారు. కొత్తలో ఒక్క చార్జికి 70 కిలోమీటర్లు నడిచిన బండి పద్నాలుగు నెలలు తిరిగేసరికి 30 కిలోమీటర్లకే ఆయాసపడసాగింది. అమ్మినవారిని అడిగితే కొత్త బ్యాటరీలు వేసుకొమ్మన్నారు. అంటే నలభై వేల పైచిలుకు. పాత అప్పే ఇంకా తీరలేదు. ఒకనాటి సాయంత్రం చాచా మమ్మల్ని పిలిచి, "బేటా, మీరు సైన్సు చదువుకునే పిల్లోళ్లు. ఈ పెట్టెలు నన్నెందుకు మోసం చేస్తుండాయో చూసి చెప్పండి" అన్నారు. ఆ మాటలో కోపం కన్న దిగులే ఎక్కువగా వినిపించింది.

మేము నలుగురం వారం రోజులపాటు వంతులవారీగా ఆ బండిలో తిరిగాము. తీగ చుట్టూ పట్టకారులా పట్టుకొని కరెంటును కొలిచే మీటరును వెంట తీసుకుపోయాము. ఆ బండిలో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపి ఉన్నాయి. మొత్తం 48 వోల్టులు. ఒక్కొక్కదాని సామర్థ్యం 100 ఆంపియర్-అవర్లు. రెండూ గుణిస్తే 4,800 వాట్-అవర్లు. ఇంటి మీటరు లెక్కలో చెప్పాలంటే 5 యూనిట్లకు కొంచెం తక్కువ. చాచా సంసారమంతా ఆ అయిదు యూనిట్ల మీదనే నడుస్తున్నది!

చదునైన తారురోడ్డు మీద ఇద్దరు ప్రయాణికులతో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు మీటరు 15 ఆంపియర్లు చూపింది. అంటే సుమారు 720 వాట్లు. వంతెన మిట్ట ఎక్కేటప్పుడు ఆ అంకె 50 దాటింది. నిలిచిన బండిని కదిలించిన ప్రతిసారీ అది క్షణకాలం అలాగే ఎగసిపడింది. దీనికి కారణం తరగతిలో చదివినదే. తిరిగే మోటారు తనలో ఎదురు వోల్టేజీని పుట్టించుకొని వచ్చే కరెంటును అదుపులో ఉంచుతుంది. నిలిచిన మోటారుకు ఆ అడ్డు లేదు. ఆగుతూ కదులుతూ పోయే బజారు ప్రయాణం దూరంలో తక్కువే గాని భారంలో ఎక్కువ.

మరింత ఆశ్చర్యం మైపాడు దారిలో కలిగింది. మధ్యాహ్నం వేళ తూర్పుగా సముద్రం వైపు పోతున్నప్పుడు 23 ఆంపియర్లు తాగిన బండి, అదే రోడ్డున అదే బరువుతో తిరిగి వస్తున్నప్పుడు 11 ఆంపియర్లతో సరిపెట్టుకున్నది. రోడ్డు మారలేదు, మారినది గాలి. మధ్యాహ్నం సముద్రం నుండి నేల మీదికి వీచే గాలికి ఎదురుపోవడం, ముందు పలుచటి రేకు, గుడ్డ కప్పు తప్ప మరేమీ లేని ఈ బండికి మిట్ట ఎక్కడంతో సమానం.

కరెంటు ఎక్కువ లాగితే బ్యాటరీ త్వరగా అయిపోవడం సహజమే. కాని లెక్కకు మించి అయిపోవడం ఇందులోని మర్మం. దీనిని 1897లో పాయికర్ట్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు సూత్రబద్ధం చేశాడు. 20 గంటలపాటు 5 ఆంపియర్ల చొప్పున 100 ఆంపియర్-అవర్లు ఇచ్చే సీసపు బ్యాటరీ, 50 ఆంపియర్ల చొప్పున లాగితే దాదాపు మూడోవంతు ఇవ్వకుండానే చేతులెత్తేస్తుంది. ఇక చార్జి ఖాళీ అయినకొద్దీ పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే అది చాలావరకు కరిగిపోతుంది. గంటల తరబడి అలాగే వదిలితే గట్టి స్ఫటికమై ఆ పలకను పనికిరాకుండా చేస్తుంది. ఎండ దీనికి తోడు. బ్యాటరీ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయువు సుమారు సగానికి తగ్గుతుందని నిపుణుల అంచనా. మా ఊరి వేసవి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇదంతా విన్న చాచా కొంతసేపు మౌనంగా ఉండి, "రాత్రి పదకొండుకు వస్తా బేటా. ఇంటాయన ప్లగ్గు పొద్దున్నే ఇస్తాడు" అన్నారు. మాకు అప్పుడు అసలు రోగం తెలిసింది. ఖాళీ అయిన బ్యాటరీలు ప్రతి రాత్రీ ఏడు గంటలు అలాగే ఎండిపోతున్నాయి. నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను మాత్రమే ఎక్కించాలని 2014 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా ఆరుగురిని ఎక్కించడానికి, చార్జి అడుగంటినా చివరి ట్రిప్పు వేయడానికి కారణం అత్యాశ కాదు. నెలనెలా తరుముకొచ్చే అప్పు వాయిదా. మోటారు తాగే కరెంటు వెనుక మనిషి తీర్చవలసిన బాకీ ఉన్నది.

ఇంటి యజమానితో మేమే మాట్లాడాము. విడిగా చిన్న మీటరు పెట్టించుకొని రాత్రే చార్జి చేసుకొనుటకు ఆయన సమ్మతించారు. మైపాడు బేరాలకు ఉదయమే బయలుదేరి, సాయంత్రం సముద్రపు గాలిని వీపున పెట్టుకొని తిరిగి రావాలని చాచా తానే నిర్ణయించుకున్నారు. మోటారు పడవలు రాక పూర్వం మన తీరంలోని పట్టపువారు తెరచాప తెప్పలను నడిపిన పద్ధతి కూడా ఇదే: తెల్లవారుజామున నేలగాలితో లోనికి, మధ్యాహ్నం కడలిగాలితో ఒడ్డుకు.

పాత బ్యాటరీలు మాత్రం బాగుపడలేదు. గట్టిపడిన సల్ఫేటు మంచిమాటలకు కరగదు కదా! చాచా మళ్లీ అప్పు చేసి నాలుగూ మార్చారు. వాటికి ఇప్పుడు పద్దెనిమిది నెలలు నిండాయి. బండి ఇంకా 60 కిలోమీటర్లు నడుస్తున్నది.

2023లో శ్రీహరికోట నుండి చంద్రునికి పోయిన ప్రజ్ఞాన్ కూడా కరెంటు బండియే. 26 కిలోల ఆ రోవరుకు సౌరఫలకం ఇచ్చిన శక్తి 50 వాట్లు. అది నడిచిన దూరం 100 మీటర్ల పైచిలుకు. దాని శక్తిని లెక్కించడానికి ఎందరో శాస్త్రజ్ఞులున్నారు. చాచా బండికి లెక్క చూచేవారు చాచా ఒక్కరే. కనుక సోదర విద్యార్థులారా, ఈసారి నలుగురు కూర్చున్న బ్యాటరీ ఆటో మన ముందు ఆగితే, అయిదవవారమై ఎక్కకుండా వెనుక వచ్చే బండి కోసం కొంచెం నిలబడుదాము. ఆ అయిదు నిమిషాలు ఒకరి బ్యాటరీకి ఆయువు.