బొమ్మ దొరికింది, మాట దొరకలేదు

సినిమా చూడ్డానికి వెళ్తున్నాం అంటాం కానీ, వినడానికి వెళ్తున్నాం అని ఎవరమూ అనం. నిజానికి మన ముందు తరం సినిమాని విన్నది కూడా. రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం వచ్చే రోజున పనులన్నీ ముందే తెముల్చుకుని కూర్చునేవాళ్లమని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. తెర లేదు, బొమ్మ లేదు. మాటలు, పాటలు, మధ్యలో ఒక తలుపు చప్పుడు, అంతే. అయినా కథంతా అర్థమయ్యేదట, ఏడవాల్సిన చోట ఏడుపూ వచ్చేదట. అదే సినిమాలో మాట తీసేసి ఉత్త బొమ్మ చూపిస్తే ఎంతసేపు కూర్చోగలం?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ఏడాదిగా మా ఇంట్లో ఒక సినిమా కాపురం ఉంటోంది. మా మరిది ఐటీ ఉద్యోగి. మూడేళ్లు దాచుకున్న 12 వేల డాలర్లు పెట్టి, జురాంగ్ వెస్ట్‌లోని మా ఫోర్ రూమ్ ఫ్లాట్‌లోనే, శని ఆదివారాల్లో, స్నేహితుల సాయంతో పూర్తి నిడివి తెలుగు సినిమా తీశాడు. మండపేట నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తల్లి, ఈ పన్నెండో అంతస్తులో రోజులెలా గడిపిందన్నదే కథ. ఆ తల్లి వేషం వేసింది మా అత్తయ్యగారే. ఆవిడకి నటన రాదు, కెమెరా అంటే బెరుకూ లేదు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు చెప్పమన్నదే చెబుతాను గానీ, నేను చెప్పుకునేటట్టు చెబుతాను" అని ముందే షరతు పెట్టారు.

షూటింగ్ అయ్యాక ఆవిడ ఊరెళ్లిపోయారు. ఎడిటింగ్ సాగుతుండగా స్ట్రోక్ వచ్చింది. దేవుడి దయవల్ల గండం గడిచింది, చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది. మాట మాత్రం ముద్దగా, ఆగి ఆగి వస్తోంది.

కొడుకుగా మా మరిది పడ్డ బాధ ఒకటి, దర్శకుడిగా పడ్డ చిక్కు ఇంకొకటి. మన తెలుగు సినిమాల్లో చాలా కాలంగా నడుస్తున్న పద్ధతి మీకు తెలిసిందే. షూటింగ్‌లో రికార్డయ్యే మాటని పైలట్ ట్రాక్ అంటారు, అది గుర్తు కోసం మాత్రమే. అసలు మాటలు తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో చెప్పిస్తారు. మనవాడూ అదే లెక్క వేసుకున్నాడు. మాటలు తర్వాత చూసుకోవచ్చు కదా అని ఒక్క మైకుతో పని కానిచ్చాడు. ఇప్పుడు ఆవిడ పాత గొంతు మిగిలింది ఆ పైలట్ ట్రాక్‌లోనే. దాంట్లో ఫ్రిజ్ మోత ఉంది, కింద ఆడుకునే పిల్లల కేకలున్నాయి, అన్నిటికీ మించి టెంగా ఎయిర్ బేస్ నుంచి ఎగిరే యుద్ధ విమానాల హోరు ఉంది. జురాంగ్ వెస్ట్‌లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ విమానం వెళ్లేదాకా మనం మాట ఆపుకుని, వెళ్లాక అందుకుంటాం.

"వదినా, హైదరాబాద్‌లో మంచి డబ్బింగ్ ఆర్టిస్టు చేత చెప్పిద్దాం" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. రోజారమణి, సరిత, సునీత లాంటివాళ్లు ఎంతమంది హీరోయిన్లకి గొంతు అరువిచ్చారు! 2010లో వచ్చిన 'ఏ మాయ చేసావె'లో సమంత ముఖానికి చిన్మయి గొంతు అతికినట్టు సరిపోయింది. పైగా అతని భయం సబబైనదే. మసక బొమ్మని ప్రేక్షకులు ఎలాగో భరిస్తారు గానీ, మాట వినపడకపోతే పది నిమిషాలు కూడా కూర్చోరు.

నేను మాత్రం ఒక్క నెల గడువడిగాను. దానికి కారణం ఈ ఊళ్లోనే జరిగిన ఇంకో సినిమా కథ.

1992లో శాండీ టాన్ అనే అమ్మాయి, ఇరవై ఏళ్ల ప్రాయంలో, జాస్మిన్ ఎంగ్, సోఫీ సిద్దిక్ అనే ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి సింగపూర్ వీధుల్లో ఒక సినిమా తీసింది. పేరు 'షర్కర్స్'. కథ రాసింది తనే, ముఖ్యపాత్ర వేసింది తనే. సొంత సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా రాని కాలం అది. దర్శకుడు వాళ్లకి సినిమా పాఠాలు చెప్పిన జార్జ్ కార్డోనా. షూటింగ్ అయ్యాక ఫిల్మ్ డబ్బాలన్నీ పట్టుకుని ఆయన మాయమైపోయాడు. ఆ అమ్మాయిలు కాలేజీలకి, ఉద్యోగాలకి చెదిరిపోయారు. 2007లో ఆయన చనిపోయాడు. 2011లో ఆయన మాజీ భార్య నుంచి శాండీకి కబురొచ్చింది. 70 డబ్బాల 16 ఎంఎం ఫిల్మ్ చెక్కుచెదరకుండా భద్రంగా ఉంది. లేనిది ఒక్కటే, సౌండ్. పందొమ్మిదేళ్ల తర్వాత బొమ్మ దొరికింది, మాట దొరకలేదు.

మాట లేకపోవడంతో ఆ సినిమాని అనుకున్నట్టు పూర్తి చేయడం కుదరలేదు. చివరికి శాండీ ఆ మూగ దృశ్యాలని వాడుకుంటూ, పోయిన సినిమా గురించి తన సొంత గొంతుతో డాక్యుమెంటరీ చెప్పింది. పేరు మాత్రం అదే 'షర్కర్స్'. 2018లో సన్‌డాన్స్ ఉత్సవంలో విదేశీ డాక్యుమెంటరీ విభాగంలో ఉత్తమ దర్శకత్వ బహుమతి అందుకుంది. ఆ ఏడాది అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో ఆ రంగుల మధ్య పెదాలు కదులుతుంటాయి, మాట మాత్రం వినపడదు. అది చూసినప్పటి నుంచి నాకు పైలట్ ట్రాక్‌ని 'ఉత్త గుర్తు' అనడానికి నోరు రావడం లేదు.

అదే 2018లో మనకి 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. వెంకటేష్ మహా దర్శకత్వం. అమెరికాలో గుండె వైద్యురాలైన పరుచూరి ప్రవీణ నిర్మాత. తెరమీద చాలామంది నటన వృత్తి కానివాళ్లు, విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే. మాటని షూటింగ్ దగ్గరే పట్టుకునే సింక్ సౌండ్ పద్ధతిలో తీశారు. ఆ మనుషులకి స్టూడియోలో వేరే గొంతు పెట్టి ఉంటే అది కంచరపాలెం అనిపించేదా?

ఇక పని సంగతికి వస్తాను. నేను చదివింది కాకినాడలో బీఎస్సీ ఎంపీసీ. పెళ్లయ్యాక ఆ ఫిజిక్స్‌ని పిల్లల హోంవర్క్‌కి తప్ప వాడింది లేదు. పిల్లలు బడి నుంచి వచ్చేది ఒంటిగంటన్నర దాటాక. అప్పటిదాకా ఇల్లు నాదే. డావించీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ ఎడిటింగ్ విభాగం కూడా ఉంది, కొన్ని పరిమితులతో ఉచితంగానే దొరుకుతుంది. దానితోపాటు స్పెక్ట్రోగ్రామ్ చూడ్డం నేర్చుకున్నాను. అది శబ్దానికి తీసిన ఎక్స్‌రే లాంటిది. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ కనపడతాయి.

చూడగానే సగం జబ్బు తెలిసిపోయింది. ఇక్కడి కరెంటు, మన ఊళ్లో లాగే, 50 హెర్ట్జ్. కరెంటు వల్ల పుట్టే గుంయ్‌మనే మోత 50, 100, 150 దగ్గర సన్నటి గీతల్లా కనిపిస్తుంది. మారకుండా ఒకే చోట ఉండే శబ్దాన్ని, సంచిలోంచి రాళ్లు ఏరినట్టు, ఏరి పారేయొచ్చు. విమానం అలా కాదు. అది తెరంతా కమ్మేస్తుంది. మనిషి మాట అర్థం కావడానికి ముఖ్యంగా కావలసింది దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉండే మేర, పాత ఫోన్లు మోసుకెళ్లేది అంతే. విమానం హోరు సరిగ్గా ఆ మేర మీదా పరుచుకుంటుంది. దాన్ని గట్టిగా తుడిస్తే మాట కూడా తుడుచుకుపోయి, నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది.

మరి దారేది? ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు చేసేదే చేశాం. ఒకే సీను నాలుగైదు టేకులు తీస్తారు కదా, పాడైన మాటని వేరే టేకులోంచి తెచ్చి అతకడం. అత్తయ్యగారి డైలాగులు మొత్తం 143. వాటిలో 61 బాగా దెబ్బతిన్నాయి. నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని, ఏ మాట ఏ టేకులో శుభ్రంగా ఉందో రాసుకుంటూ కూర్చున్నాను. సినిమాలో ముఖ్యమైన మాట ఒకటుంది. "నాకేం లోటు లేదురా, తోచట్లేదంతే" అంటుందా తల్లి. 'లోటు లేదురా' రెండో టేకులోది, 'తోచట్లేదు' మూడో టేకులోది, 'అంతే' అయిదో టేకులోది. అప్పటికి ఆవిడ అలిసిపోయి గొంతు కాస్త కిందికి దిగింది. ఆ దిగడమే అక్కడ బాగా కుదిరింది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 42 మిల్లీ సెకన్లు. రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయినా పెదవి ముందు, మాట వెనక అయిపోతుంది.

అతుకులు కనపడకుండా ఉండాలంటే వాటి కింద గది నిశ్శబ్దం పరవాలి. నిశ్శబ్దానికి కూడా చప్పుడుంటుందని ఈ పనిలోనే అర్థమైంది. ప్రతి గదిలో, సీనులో ఉన్న సామానే ఉంచి, అందరం ఊపిరి బిగబట్టి అరనిమిషం రికార్డు చేశాం. అది లేకపోతే మాటకీ మాటకీ మధ్య శబ్దం గోతిలో పడినట్టు తెలిసిపోతుంది.

అలా 61లో 52 నిలబడ్డాయి. మూడు డైలాగులు కథకి అవసరం లేదని తీసేశాం. ఆరింటికి విమానం తప్పలేదు. వాటిని దాచడం మానేసి, ముందు షాట్‌లోంచే దూరంగా విమానం వస్తున్నట్టు శబ్దాన్ని పరిచాం. కథ జరిగేది కూడా ఇక్కడే కదా! ఒక టేకులో ఆవిడ మాట మధ్యలో ఆగి, కిటికీ వైపు చూసి, హోరు తగ్గాక "పోయిందా?" అని కొడుకుని అడిగి, మళ్లీ అందుకున్నారు. పాడైందని పక్కన పెట్టిన టేకు అది. ఇప్పుడు సినిమాలో ఉంది. ఎడిటింగ్‌లో చూసిన ప్రతివాళ్లూ అక్కడ నవ్వుతున్నారు.

కోయిలని కూడా ఉంచేశాం. తెల్లవారుజామున మన బ్లాకుల మధ్య చెట్ల మీద గోల చేసే కోయిల, మండపేట మామిడితోటలో కూసే కోయిల ఒకే జాతి. ఆ తల్లికి ఇక్కడ తెలిసిన గొంతు అదొక్కటే.

ఇక చిన్నచిన్న చప్పుళ్లు, వాటిని ఫోలీ అంటారు. అవి మళ్లీ చేసి రికార్డు చేయాలి. మన ఇళ్లలో బాంబ్ షెల్టర్ అని ఒక గది ఉంటుంది కదా, మందపాటి కాంక్రీటు గోడలు, ఇనప తలుపు. ఇన్నాళ్లూ బియ్యం బస్తా, సూట్‌కేసులు పెట్టుకున్నాం. బయటి చప్పుడు బాగా తగ్గుతుంది గానీ లోపల మాట గంటలా మోగుతుంది. గోడలకి ఊరి నుంచి తెచ్చుకున్న బొంతలు వేలాడదీస్తే ఆ మోగడం పోయింది. గాజులు, చీర కుచ్చిళ్ల రెపరెప, పలక మీద నడుస్తుంటే మట్టెల టిక్కుటిక్కు, అన్నీ అక్కడే చేశాను. వంట సీనుకి మా మరిది ఇంటర్నెట్‌లోంచి ఏదో వేపుడు శబ్దం తెచ్చి పెట్టాడు. విన్న వెంటనే అది పోపు కాదని చెప్పాను. మొదట ఆవాలు ఒకటొకటిగా చిటపటలాడాలి, తర్వాత కరివేపాకు పడగానే అందులోని తడి ఒక్కసారి ఆవిరై చుర్రుమనాలి. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ ఆపేసి నిజం పోపే పెట్టాం. మర్నాడు అందరం దాంతో పులిహోర తిన్నాం.

చివరి మిక్సింగ్ మాత్రం ఇంట్లో చేయలేదు. మాటలు, చప్పుళ్లు, సంగీతం దేని వాటా దానికిచ్చి కలపడానికి చెవి అలవాటు కావాలి, హాలుకి సరిపడే స్పీకర్లు కావాలి. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో మూడు రోజులు పట్టింది. సౌండ్ మొత్తానికి అయిన ఖర్చు షూటింగ్ ఖర్చులో సగం. తక్కువ డబ్బుతో సినిమా తీసేవాళ్లు మొదట కెమెరా గురించే ఆలోచిస్తారు. చేతిలో ఉన్న డబ్బులో మూడో వంతు సౌండ్ కోసం ముందే తీసి పక్కన పెట్టమని నేనైతే చెబుతాను.

సంక్రాంతికి మా మరిది ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అత్తయ్యగారికి సినిమా చూపించాడు. తన గొంతు విని మొదట కళ్లు మూసుకున్నారట. తర్వాత మెల్లగా, "ఇంత గట్టిగా మాట్లాడేదాన్నా?" అన్నారట. మాట కోసం చేయించే ఎక్సర్‌సైజులంటే విసుక్కునే మనిషి, ఇప్పుడు రోజుకో సీను పెట్టుకుని తన పాత గొంతుతోపాటు తనూ పలుకుతున్నారు. 'తోచట్లేదు'లో 'చ' ఇంకా పలకడం లేదు. 'లోటు లేదురా' మాత్రం బాగానే వస్తోంది.

మీ ఇళ్లలోనూ కెమెరా పట్టుకుని తిరిగే పిల్లలో, మరుదులో ఉండే ఉంటారు. మాట సరిగ్గా వినపడలేదనిపిస్తే, అదే గదిలో, అప్పటికప్పుడు, కెమెరా లేకుండా ఇంకోసారి చెప్పించి రికార్డు చేసుకోమనండి. సౌండ్ ఫైళ్లని రెండు వేర్వేరు చోట్ల దాచమనండి. సినిమా గొడవ లేనివాళ్లు కూడా, ఈసారి అమ్మో అత్తగారో వచ్చినప్పుడు, టీవీ ఆపి, ఫ్యాన్ తగ్గించి, ఫోన్ దగ్గరగా పెట్టి ఒక గంట మాట్లాడించండి. ఫోటోలు మనందరి దగ్గరా వేలకొద్దీ ఉన్నాయి.