మూడు నూళ్ల పానా

అహ్మదాబాద్‌లో ఎల్లిస్ బ్రిడ్జి దగ్గర, సబర్మతి తూర్పు ఒడ్డున ఆదివారం సంత జరుగుతుంది. గుజరీ బజార్ అంటారు. సుల్తాన్ అహ్మద్ షా కాలం నుంచీ ఉందని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పాత మంచాలు, మేకలు, టేపురికార్డర్లు, రాగి బిందెలు. వాటి మధ్య ఒక గోనెపట్టా, దాని మీద తుప్పు పట్టిన పానాల గుట్ట. నేను గంటన్నర నుంచి ఆ గుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. మా ఆవిడ ఫోన్ చేసి, "పానా కోసం గుజరాత్ దాకానా?" అంది. జవాబేముంది?

మా పెద్దనాన్నకు నల్లగొండ దగ్గర పిండి గిర్నీ ఉండేది. దాన్ని తిప్పింది లిస్టర్ సీ.ఎస్. ఇంజిన్. ఒకే సిలిండరు, రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, ఆరు గుర్రాల బలం, నిమిషానికి 650 చుట్లు. ఆ నింపాది చప్పుడు ఊరి అవతల చెరువు కట్ట మీదికి కూడా వినిపించేది. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్‌లోని డర్స్‌లీ ఊళ్లో ఆ కంపెనీ 1930ల నుంచి ఈ రకాన్ని చేసింది, 1987 దాకా. కరెంటు మోటారు వచ్చాక మా ఇంజిన్ కొట్టంలో మూలపడింది. పెద్దనాన్న పోయాక దాన్ని ఇనుప సామానుకు అమ్మేద్దామన్నారు. కిలోల లెక్కన ధర కూడా కట్టారు. నాకెందుకో మనసొప్పలేదు, తిప్పి చూద్దామన్నాను. అలా ఆ పని నా నెత్తిన పడింది.

మొదట విడిభాగాల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. పంపులు, మోటార్లు, బెల్టులు అమ్మే ఆ దుకాణాల్లో ఇంజిన్ పేరెత్తగానే పెద్దవయసు వాళ్ల మొహాలు వెలిగాయి కానీ, సరుకు మాత్రం బయటికి రాలేదు. ఒకాయన కుర్చీ వేసి టీ ఇప్పించి, "రాజ్‌కోట్ పోండి సార్, మాకూ అక్కణ్నుంచే వచ్చేది" అన్నాడు.

దారిలో అహ్మదాబాద్‌లో దిగింది పానా కోసమే. ఆ ఇంజిన్ బోల్టులకు మన మిల్లీమీటర్ల పానాలు పట్టవు. అవి విట్‌వర్త్ రకం. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మరలన్నిటికీ ఒకే లెక్క ఉండాలని పెట్టిన కొలత అది. మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌లో అయితే 60. అసలు తిరకాసు పానా మీది అంకెలో ఉంది. అంగుళానికి ఎనిమిది నూళ్లు కదా, విట్‌వర్త్ పానా మీద మూడు నూళ్లని ఉంటే దాని నోరు మూడు నూళ్లు కాదు. ఆ అంకె బోల్టు కాండం లావుది. నోరు కొలిస్తే ఆరు నూళ్లకు కాస్త తక్కువ వస్తుంది. మిల్లీమీటర్లలో 18, కాబట్టి 18 నంబరుతో అక్కడికి నెట్టుకురావచ్చు. నాలుగు నూళ్ల బోల్టు దగ్గర ఆ ఆట సాగదు. 23 పానా ఎక్కదు, 24 పెడితే జారి బోల్టు మూలలు అరిగిపోతాయి. అప్పటికే నేను రెండింటిని గుండ్రంగా చేసి పెట్టాను.

గుట్ట అడుగున నాలుగూ మూడు నూళ్ల డబుల్ పానా దొరికింది. డబ్ల్యూ అక్షరం ఇంకా కనిపిస్తోంది. అమ్మినాయన దాన్నీ మామూలు పానాలతో పాటే తూకం వేశాడు. నా మొహంలో సంతోషం దాచలేకపోయాను గానీ, ఆయనకు పట్టినట్టు లేదు.

రాజ్‌కోట్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు దిగడం నా తెలివితక్కువ పని. ఆ ఊరు ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా పడుకుంటుంది. షట్టర్లు వాలిపోతాయి, వీధులు ఖాళీ. ఒక మెట్టు మీద కూర్చుని, ఆ ఊరి పచ్చటి పల్లీల చట్నీతో వేఫర్లు తింటూ మూడు గంటలు గడిపాను. చట్నీ బాగుంది.

నాలుగు దాటాక భక్తినగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు వెళితే ఊరంతా ఒక్కసారి లేథు మీద తిరుగుతున్నట్టు అనిపించింది. సౌరాష్ట్ర మెట్ట నేల. బావుల కింద వేరుశనగ తడపడానికి రైతులకు ఇంజిన్లు కావాలి. ఇక్కడి పోతపోసేవాళ్లు లిస్టర్‌ను విప్పి, చూసి, అదే కొలతలతో చేసి పెట్టారు. డర్స్‌లీలో ఎప్పుడో ఆగిపోయిన దానికి ఇక్కడ పిస్టన్ రింగులు కొత్త కాగితంలో చుట్టి ఇచ్చారు. సిలిండరు బోరు నాలుగున్నర అంగుళాలని చెప్పానో లేదో చేతిలో పెట్టారు.

నకలు కదా, అన్నీ అతకవు. అసలు లిస్టర్ క్రాంక్‌షాఫ్టు రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది, ఇక్కడి వాటిలో చాలా వాటికి బుష్షులే. అసలైన పాత ఇంజిన్‌కు హెడ్డు పక్కన చిన్న చేతిచక్రంతో ఒక వాల్వు ఉంటుంది. దాన్ని బిగిస్తే లోపలి అదనపు గది మూసుకుపోయి కంప్రెషన్ పెరుగుతుంది, చలికాలం తెల్లవారుజామున కూడా హ్యాండిల్ తిప్పి లేపొచ్చు. వేడెక్కాక వదులు చేస్తే నడక మెత్తబడుతుంది. పేరులోని సీ.ఎస్. అంటే కోల్డ్ స్టార్ట్. నాకు కావలసింది ఆ వాల్వే. మాదాని మరలు అరిగిపోయి ఉన్నాయి. "అది లేని హెడ్డు వేసుకో, చవక" అన్నారు మూడు దుకాణాల్లో. వాళ్ల మాట తప్పు కాదు. కానీ పెద్దనాన్న పొద్దున్నే ఆ చక్రం తిప్పడం నేను చూశాను, హెడ్డు మార్చడానికి మనసు రాలేదు.

నాలుగో చోట ఒక ముసలి టర్నర్. ఆయన హిందీ గుజరాతీలా ఉంది, నాది హైదరాబాదీ.

"నమూనా తెచ్చావా, భాయ్?"

పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసిన ఫొటో చూపించాను. వెర్నియర్‌తో తీసిన కొలతలు మిల్లీమీటర్లలో కాగితం మీద రాసి తెచ్చాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి ఫోన్ వైపు ఒక్క చూపు చూసి, నాకే తిరిగి ఇచ్చేశాడు.

"ఫొటోకి చుడీలు ఉంటాయా?"

చుడీలంటే మర చుట్లు. సొరుగులోంచి మరల గేజి తీసి ఆకులు విసనకర్రలా పరిచాడు. అంగుళానికి ఎన్ని చుట్లో, కోణం ఎంతో తెలియాలంటే వస్తువే ఆకు కింద ఉండాలి. అది మా కొట్టంలో, నూనె గుడ్డలో చుట్టి ఉంది. పన్నెండు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి అసలు ముక్కను ఇంట్లో వదిలి వచ్చానని చెప్పడానికి సిగ్గేసింది. "కొరియర్ చేయనా, కాకా?" అన్నాను. సగం కప్పు టీ నా వైపు జరిపి తలూపాడు.

ఇంటికొచ్చి పంపించాను. ఐదు వారాలకు పొట్లం వచ్చింది. పాత వాల్వు, కొత్త వాల్వు, చుట్టిన కాగితం మీద పెన్సిలుతో అంగుళాల భిన్నాలు. రెండు వైపుల కొరియర్ ఖర్చు ఆయన తీసుకున్న కూలికంటే ఎక్కువైంది. కొత్తది చేత్తో తిప్పితే చివరి దాకా దిగింది. ఫోన్ చేసి చెప్పాను.

"మూడు చేశాను" అన్నాడాయన. "నీ ఒకటి నీకు వచ్చింది. తక్కిన రెండూ సొరుగులో వేశాను. ఎవరో ఒకరు ఫొటో పట్టుకుని వస్తారు కదా."