వలస మాట ఎవరిది?

అనంతపురం నుండి నార్పల మండలం బండ్లపల్లికి వెళ్ళాము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే ఈ మెట్ట నేలకు ఆధారం. చెనక్కాయ పంట ఎండితే బెంగుళూరుకు బేల్దారి పనికి వలస. "పోదాం" అనే మాట తరచు మగవానిదే; అప్పు, పశువులు, ముసలివాళ్ళు, పిల్లల చదువు లెక్క చూసుకొనేది ఆమె. అతనొక్కడే వెళితే భారమంతా ఆమెపైనే. ఇద్దరూ వెళితే తమ్ముళ్ళ కోసం పెద్దపిల్ల బడి మానుతుంది.

2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం ఈ ఊరిలోనే ప్రారంభమైంది. స్త్రీ పురుషులకు ఒకే కూలి రేటు. "ఊర్లోనే పని దొరికినప్పుడు, పిల్లోల్ల చదువు చెడగొట్టి నేను రానని చెప్పగలిగినాం" అన్నారు అక్కడి స్త్రీలు.

ప్రియ పాఠకులారా, ఇల్లు కదిలే ముందు మనమూ ఆమెను అడుగుతున్నామా?