చలికాలపు ఇల్లు

నాన్న పడక్కుర్చీకి ఏటా ధనుర్మాసంలో కొత్త గుడ్డ వేయిస్తాను. తాళం పెట్టిన ఇంట్లో పాతది చీకిపోతుంది. రిటైరయ్యాక మాకు కె.గంగవరం చలికాలపు ఊరైంది. చలంటే ఎంతని? తెల్లారగట్ల దుప్పటి మెడదాకా లాక్కునేంత. సముద్రం కావాలంటే యానాం దగ్గర బాలయోగి వారధి దాటి, అమలాపురం మీదుగా ఓడలరేవు పోవాలి. అక్కడ ఇసుకలో కాసేపు కూర్చుని, మాటల్లేకుండా తిరిగొస్తాం.

ఈ కుర్చీలో కూర్చునే నాన్న కోటిపల్లి రైలు గురించి చెప్పేవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకేశారు. 2004లో మళ్ళీ రైలొచ్చింది. పోయినవన్నీ అలా తిరిగొస్తాయా, లేక వచ్చేది ఇంకోటా? నేనొచ్చాను గానీ, వచ్చినవాడు ఈ ఊరివాడేనా?

కొబ్బరి దింపులకొచ్చినాయన “ఎప్పుడొచ్చారండి?” అని ఆగడు. “మళ్ళీ ఎప్పుడెళ్తారండి?” అనీ అడుగుతాడు. మర్యాదకే. అయినా ఆ రెండో ప్రశ్న చుట్టాలను అడిగేది.

సంక్రాంతి ముగ్గులూ, మాఘమాసపు ఎండా చూసి వెళ్ళిపోయేవాడికి ఊరు సగమే తెలుస్తుంది. ఒక్క శ్రావణమైనా ఇక్కడ గడపాలి. గౌతమి ఎర్రగా, నిండుగా పోతుంటే కోటిపల్లి రేవులో నిలబడాలి. మా ఆవిడతో అంటే, “ఆ ఉక్కలో, ఆ దోమల్లో మీరొక్కరే ఉండండి” అంది.