బోరు గుట్టు, గోడ మీద లెక్క

పులివెందుల దాటి లింగాల వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా చీనీ తోటలే. ఒక తోటలో కుర్ర రైతు ఫోను తీసి నీటిమట్టం గీత చూపించాడు. రాష్ట్ర భూగర్భ జలశాఖ భూమిలో నీటిమట్టం కొలిచే పీజోమీటర్లు పన్నెండు వందలకు పైగా వేసి, అవి పంపే కొలతలను ఎవరైనా చూసుకునేలా వెబ్‌సైటులో పెడుతోంది. అతని ఫోనులో గీత వానాకాలం మొదలైనప్పటి నుంచి పైకి పోతోంది.

"గీత లేస్తాండాది సార్, మా బోరు మాత్రం దగ్గుతాండాది" అన్నాడు.

అది వట్టి ఎగతాళి కాదు. రాష్ట్రంలో మండలాలు దాదాపు ఏడు వందలు. అంటే సగటున మండలానికి పీజోమీటర్లు రెండు దాకా. ఈ రాతినేలలో ఒక బోరు రెండించుల నీళ్లు పోస్తుంటే వంద అడుగుల అవతల వేసిన బోరులో దుమ్ము లేస్తుంది. మండలం మొత్తం మీద నీళ్లు పెరిగాయో తరిగాయో చెప్పడానికి ఆ గీత చాలు. అధికారికీ పరిశోధకుడికీ అది బంగారమే. కానీ కాపుకొచ్చిన చీనీ చెట్లను వచ్చే ఎండాకాలం దాటించగలనా, ఇంకో బోరు వెయ్యాలా అని తేల్చుకోవాల్సిన మనిషికి అందులో జవాబు దొరకదు. ప్రభుత్వం దగ్గరున్న సమాచారాన్ని జనానికి తెరిచిపెట్టాలన్న జాతీయ విధానం 2012లో వచ్చింది. అదే ఏడాది దేశానికంతా ఒక డేటా పోర్టల్ కూడా వచ్చింది. తలుపైతే తీశారు. లోపలున్నది తన పొలం లెక్కేనా అన్నది ఈ కుర్రవాడి అనుమానం.

ఆ అనుమానానికి ఒక జవాబు ఇరవై ఏళ్ల కిందటే నంద్యాల చుట్టుపక్కల పుట్టింది. అది చూద్దామనే పాణ్యం, బేతంచెర్ల మీదుగా డోన్ దారి పట్టాను. నాపరాళ్ల గనులు, నాపరాళ్ల గోడలు, నాపరాళ్ల అరుగులు. కిందంతా సున్నపురాయి. నీళ్లుంటే ఆ రాతి సందుల్లోనే, లేకపోతే లేనట్టే. వెళ్లిన ఊళ్లో అన్నీ విప్పి చెప్పారు గానీ ఊరి పేరు మాత్రం రాయొద్దన్నారు.

ఆ జవాబు ఏపీఫామ్‌జీఎస్ అనే పథకం. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండ, నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ నాయకత్వం. కర్నూలు, కడప సహా ఏడు కరువు జిల్లాల్లో ఆరువందలకు పైగా పల్లెల్లో నడిచింది. నీళ్లు తక్కువ వాడితే సబ్సిడీ లేదు, ఎక్కువ వాడితే జరిమానా లేదు. చేసిందల్లా వాననూ నీటిమట్టాన్నీ బోరు పోసే నీళ్లనూ రైతుల చేతే కొలిపించి, ఆ అంకెలను ఊరి గోడ మీద రాయించడం. పైగా 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. మోటారు ఆపాలని చెప్పే బిల్లు కూడా ఇంటికి రాదు. అలాంటప్పుడు గోడ మీది అంకె ఏం చేస్తుందని నాకూ అనిపించింది.

అప్పట్లో కొలతలు తీసిన అక్క ఇప్పటికీ రిజిస్టరు దాచింది. కొలిచి చూపించమంటే రెండు వందల లీటర్ల డ్రమ్మును బోరు కాడికి దొర్లించింది. డ్రమ్ము నిండడానికి ఎనభై సెకన్లు పట్టింది. గంటకు తొమ్మిది వేల లీటర్లని నేను ఫోను తీసేలోపే చెప్పేసింది. బావిలో మట్టం చూడటానికి వేరే టేపు ఉండేదట. దాని కొస నీటిని తాకగానే చప్పుడు చేస్తుంది. పదిహేను రోజులకోసారి ఆ పని.

అరుగు మీద కూర్చున్న పెద్దాయన అసలు సంగతి చెప్పాడు. "ముందర మా బోరు ఎన్ని ఇంచులు పోస్తాదో ఎవురికీ చెప్పేటోళ్లం కాదు నాయనా. బాగా పడిందంటే పక్క గెనిమ మీదికి రిగ్గు బండి వచ్చేది. ఎండిందంటే అప్పిచ్చినోడు గడప తొక్కేవాడు. పడినా చెప్పం, ఎండినా చెప్పం."

నాకు ఆ పథకంలో అన్నిటికంటే గట్టి పని ఇదే అనిపించింది. కంప్యూటరులో ఉన్నదాన్ని జనానికి చూపించడం తేలిక. రైతు తన కడుపులో దాచుకున్న అంకెను పదిమంది ముందు పెట్టించడం అంత తేలిక కాదు. మరి ఎలా పెట్టారు? కొలిచేది ఊరి మనిషే కాబట్టి, అందరి బోర్లనూ కొలుస్తున్నారు కాబట్టి. "నేను కొలిచినానంటే మా బావ బోరైనా సరే ఒక్క లీటరు తగ్గించి రాయను" అంది అక్క. నమ్మకం లేనివాడు డ్రమ్ము పట్టుకొని తనే కొలుచుకోవచ్చు.

రిజిస్టరులో 2009 అక్టోబరు పేజీ తిప్పి చూపించింది. కర్నూలు నగరాన్ని తుంగభద్ర ముంచెత్తిన వారం అది. వాన వరసలో అంకెలు గళ్లు దాటి మార్జిన్‌లోకి పాకాయి. ఆ తర్వాతి పేజీల్లో బావుల మట్టాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. వానకూ బావికీ ఉన్న చుట్టరికాన్ని ఏ పాఠ్యపుస్తకంలోనూ నేనింత తేటగా చూడలేదు.

ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక ప్రకారం, పథకం నడిచిన మూడేళ్లలో రబీకి తోడే నీటిని 42 శాతం వాగు పరీవాహకాలు ఏటా తగ్గించుకుంటూ వచ్చాయి, 51 శాతం అప్పుడప్పుడు తగ్గించాయి, 7 శాతంలో మాత్రం వాడకం పెరిగింది. ఇదంతా గోడ మీది అంకెల మహిమే అనను. 2007లో కర్నూలుకు వరద తెచ్చేంత వాన కూడా పడింది. కానీ ఎవరూ బలవంతపెట్టకుండా, ఎవరూ డబ్బివ్వకుండా ఒకరిద్దరు వరి మానుకున్నా అది చిన్న సంగతి కాదు. పథకం వెళ్లిపోయాక గోడ మీద రంగు వెలిసింది. రాసేవాళ్లకు జీతమేమీ లేదు, కొత్త టేపు కొనిచ్చే దిక్కూ లేదు. రహదారికి మరమ్మతు డబ్బు ఏటా కేటాయిస్తారు. లెక్క రాసే మనిషికి కూడా అలా కేటాయించాలని ఎవరికీ తోచకపోవడం నాకు వింతగా ఉంటుంది.

సాయంత్రం అరుగు మీద నలుగురు చేరితే అక్క పాత పద్ధతిలోనే రబీ నీటి బడ్జెట్ వేసి చూపించింది. బోరుకు గంటకు తొమ్మిది వేల లీటర్లు. కరెంటు రోజుకు తొమ్మిది గంటలు. నూట ఇరవై రోజులకు 97 లక్షల లీటర్లు. అదీ మధ్యలో బోరు దగ్గకపోతే. ఎకరా వరికి దాదాపు 48 లక్షలు కావాలి. వేరుశనగకు 20 లక్షలు చాలు. అంటే వరైతే రెండెకరాలు, వేరుశనగైతే అయిదెకరాలకు దగ్గర.

"అదంతా సరే గానీ, ఇంట్లోకి తినేదానికి అర ఎకరా వరి వేస్తా. రాసుకో" అన్నాడు పెద్దాయన.

అక్క రాసింది. అర ఎకరా వరి, 24 లక్షలు.

"ఆ నీళ్లకు నేను ఎకరా పైన బుడ్డలు తీస్తా మామా" అన్నాడు పక్కనున్నవాడు.

"తీయ్. నీ బోరుది ఎప్పుడు కొలిపిస్తావో అది చెప్పు ముందు."

అతను నవ్వి, మరుసటి పొద్దున కరెంటు వచ్చేసరికి డ్రమ్ము పంపమన్నాడు.